మొక్కల మడికి వయసైపోతే చెయ్యి పెట్టేదెవరు?

(నీళ్ళూ మనమూ – 9వ భాగం)



ఈ వరసలో ఇప్పటిదాకా మనకు రానివ్వని నీళ్ళ గురించే రాశాను. బావి, చెరువు, కుళాయి. ఈసారి అందరూ వాడి వదిలేశాక మన దగ్గరికే వచ్చే నీళ్ళ గురించి రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఉంది. పేరు రాయను. రాస్తే గొడవ ఆ ఒక్క కాలేజీదే అనుకుంటారు. దాని వెనక, ప్రహరీ పక్కన, పద్నాలుగేళ్ళ కిందట ఒక రీడ్‌బెడ్ కట్టారు. హాస్టల్ మురుగునీళ్ళు ముందు ఒక ట్యాంకులో తేరుకుని, తర్వాత కంకర నింపిన మడిలోకి వెళ్తాయి. మడి నిండా కిక్కిస, జమ్ము, అంచున మెట్టతామర. అటు చివర బయటికొచ్చే తేటనీళ్ళు తోటకు పోతాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. 'ఇక్కడ ప్రకృతే శుభ్రం చేస్తుంది' అని ఆకుపచ్చ బోర్డు. బయటి నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. మెట్టతామర పూల పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు.

పోయిన ఏడాది వానలకు ముందు ఆ మడి మూసుకుపోయింది. కంకర లోపల నడవాల్సిన నీళ్ళు పైకొచ్చి నిలబడ్డాయి. దోమలు, కంపు. వాసన మెస్సు దాకా వచ్చాక పెద్దలు కదిలారు. కాంట్రాక్టరు నలుగురిని పంపాడు. నలుగురూ మా రెల్లి వీధి వాళ్ళే. అందులో ఒకరు మా మావయ్య.

పదకొండు రోజులు వాళ్ళు ఆ మడిలో దిగి కంకర ఎత్తిపోశారు. చేతిలో పార, నెత్తిన తట్ట. కంకర సందుల్లో నల్లగా, జిగటగా మడ్డి. అది అయ్యాక ముందున్న ట్యాంకు మూత తీసి, అడుగున పేరుకున్నదాన్ని బకెట్లతో తోడారు. చేతులకు తొడుగుల్లేవు, కాళ్ళకు బూట్లు లేవు. మావయ్య అరికాల్లో కంకర గుచ్చుకున్న పుండు మూడు నెలలు మానలేదు.

నేను వెళ్ళి మస్టరు చూపించమన్నాను. చూపించారు. నలుగురి పేర్ల ఎదురుగా 'గార్డెన్ పని' అని ఉంది.

"సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరం కదండీ" అన్నాను సూపర్‌వైజరుతో.

"ఇది సెప్టిక్ ట్యాంకు ఎందుకవుతుంది సార్? రీడ్‌బెడ్. మొక్కలున్నాయి, చూడండి" అన్నాడు.

అబద్ధం చెప్తున్న మొహం కాదది. నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఈ వారం రాస్తున్నదంతా ఆ మాట మీదే.

ముందు ఆ మడిలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను, ఆ మాత్రం చెప్పగలను. మొక్కలు మురికిని తాగేస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది కంకర మీదా వేళ్ళ మీదా పొరలా అంటుకుని బతికే సూక్ష్మజీవులు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని అవి తింటాయి. మొక్క పీల్చుకునేది అందులో చిన్న వాటా. మొక్క వేళ్ళు ఆ జీవులకు చోటిస్తాయి, కంకరను కాస్త వదులుగా ఉంచుతాయి.

1950ల్లో జర్మనీలో కేటె జైడెల్ అనే శాస్త్రవేత్త నీటిమొక్కలతో మురుగును శుద్ధి చేసే ప్రయోగాలు మొదలుపెట్టింది. 1974లో రైన్‌హోల్డ్ కికుత్ పద్ధతిలో ఒత్‌ఫ్రేసెన్ అనే ఊళ్ళో పూర్తిస్థాయి మడి పని మొదలుపెట్టింది. 1985లో బ్రిటన్ నుంచి ఇంజినీర్లు వెళ్ళి అవి చూసొచ్చి తమ దేశంలో కట్టడం మొదలుపెట్టారు. మొదట్లో కొందరు ఈ మడులు యాభై ఏళ్ళు, వందేళ్ళు కూడా పనిచేస్తాయని అంచనా వేశారు. అలా జరగలేదు. చాలా మడులు పది పదిహేనేళ్ళు తిరక్కముందే మూసుకుపోవడం మొదలైంది. సూక్ష్మజీవులు తినలేని మెత్తటి మడ్డి, చచ్చిన వేళ్ళు, రాలిన ఆకులు అన్నీ కంకర సందుల్లో చేరతాయి. ముఖ్యంగా నీళ్ళు లోపలికొచ్చే మొదటి భాగంలో. ముందున్న ట్యాంకును ఏటేటా ఖాళీ చేయకపోతే ఇంకా తొందరగా మూసుకుపోతాయి.

ఇందులో తప్పేమీ లేదు. యంత్రానికి వయసొచ్చినట్టే మడికీ వస్తుంది. అక్కడ దాన్ని లెక్కల్లో రాసుకున్నారు. ఇన్నేళ్ళకు ఒకసారి పొక్లెయిన్ వచ్చి కంకర తీస్తుంది, కడిగి మళ్ళీ పోస్తుంది, దానికింత ఖర్చు అని ముందే పెట్టుకున్నారు. మన దగ్గర బోర్డు మీద 'ప్రకృతి' అని రాశారు. ప్రకృతికి జీతం ఇవ్వక్కర్లేదు కాబట్టి బడ్జెట్‌లో సున్నా రాశారు. ఆ సున్నాలోకి దిగినవాడు మా మావయ్య.

ఇప్పుడు చట్టం సంగతి. 2013లో మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం వచ్చింది. సెప్టిక్ ట్యాంకు అంటే ఏమిటో అందులో రాశారు. మామూలుగా నేల కింద ఉండి, నీరు కారకుండా మనిషి మలాన్ని నిలవుంచి కుళ్ళనిచ్చే తేరుడు ట్యాంకు. కాబట్టి మడికి ముందున్న ఆ ట్యాంకు, దాని మీద మెట్టతామర పూసినా మల్లెపువ్వు పూసినా, చట్టం కంటికి సెప్టిక్ ట్యాంకే. రక్షణ సామగ్రీ శుభ్రం చేసే పరికరాలూ ఇవ్వకుండా చేతులతో శుభ్రం చేయించడం ప్రమాదకర శుభ్రత కిందికి వస్తుంది. 7వ సెక్షన్ దాన్ని నిషేధించింది. 9వ సెక్షన్ ప్రకారం మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సూపర్‌వైజరుకు ఇది తెలియకపోవచ్చు. కాలేజీకి తెలిసి తీరాలి.

కంకర మడి సంగతి వేరు. అది ట్యాంకూ కాదు, నేలకింద గొట్టమూ కాదు. చట్టంలో దానికి పేరు లేదు. చట్టం పుట్టినప్పుడు మన కళ్ళ ముందున్నవి పాత మరుగుదొడ్లు, మ్యాన్‌హోళ్ళు, ట్యాంకులు. పచ్చటి మడిలో అదే పని దాక్కుంటుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. కులం మాత్రం చట్టం కంటే ముందే ఊహించింది. పని పేరు మారింది, పనిముట్టు పేరు మారింది, మస్టరు మీద పేర్లు మారలేదు.

ఇది నా అనుమానం కాదు. మురుగుకాలవలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళను నమస్తే పథకం కింద కేంద్రమే లెక్కగట్టింది. 2024లో బయటికొచ్చిన వివరాల్లో, నమోదైన దాదాపు 38 వేల మందిలో నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఎస్సీలే నూటికి 69 మంది. ఈ పనిలో చావులు ప్రభుత్వ లెక్కలోనే 1993 నుంచి వెయ్యి దాటాయి. చనిపోయిన మనిషి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. చచ్చాక ఎంతివ్వాలో దేశానికి తెలిసింది. దిగకుండా ఎలా కట్టాలో ఎస్టిమేట్లో రాయడం ఇంకా తెలియలేదు.

పోయిన నెల ఆ కాలేజీ విద్యార్థులు పిలిస్తే వెళ్ళాను. యాజమాన్యం ముందు ఇప్పుడు రెండు ఎస్టిమేట్లున్నాయట. ఒకటి, పాత కంకర తీసి కొత్త కంకర పోసి మళ్ళీ మొక్కలు నాటడం. రెండు, మడి పడగొట్టి బ్లోయర్లతో నడిచే ఎస్టీపీ కట్టడం. ఒక చెల్లెలు లేచి, "అన్నా, మనవాళ్ళు దిగాల్సొచ్చే మడి మనకెందుకు? పడగొట్టెయ్యమని అడుగుదాం" అంది. చప్పట్లు కొట్టారు. ఆ కోపం నాకు అర్థమైంది. అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఆ రోజు పది నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

చెల్లెమ్మా, ఎస్టీపీలో కూడా మడ్డి వస్తుంది. ఆ మాటకొస్తే మడిలో కంటే ఎక్కువ వస్తుంది, రోజూ వస్తుంది. బ్లోయరు ఆగితే అందులోని జీవులు చస్తాయి, ట్యాంకు కంపు కొడుతుంది. అడుగున గొట్టం మూసుకుపోతే ఎవరో ఒకరు దిగాలి. నగరాల్లో అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల్లో దిగి తిరిగి రానివాళ్ళ వార్తలు నువ్వు చదివే ఉంటావు. ఆ ట్యాంకుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయింది కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. లోతైన మూతపెట్టిన ట్యాంకు కంటే రెండడుగుల లోతున్న, ఆకాశం కింద ఉన్న మడి ప్రాణానికి మెరుగు.

ఇంకో కారణం ఉంది. మన కాలనీలు చూడండి. ఊరికి పల్లంలో ఉంటాయి. పెద్ద డ్రైనేజీ పైపు మన వీధి దాకా రాదు, వచ్చినా దాన్ని నడిపే కరెంటు బిల్లు పంచాయతీ కట్టదు. వంద ఇళ్ళ కాలనీకి నాలుగు వందల మంది అనుకుందాం. ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్ళకు మనిషికి రెండు చదరపు మీటర్ల మడి లెక్క వేస్తారు. అంటే మొత్తం 800 చదరపు మీటర్లు, దాదాపు 20 సెంట్లు. చలి దేశపు లెక్క అది, వేడి ప్రాంతంలో జీవులు ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. కాస్త వాలు ఉంటే మోటారు కూడా అక్కర్లేదు. మన వీధుల్లో నిలబడ్డ మురుగుకు ఇంత చవకైన దారి నాకు ఇంకోటి కనపడలేదు. దీన్ని పడగొట్టమని మనమే అడిగితే రేపు మన కాలనీకి దీన్ని అడిగే నోరు మనకుండదు.

అందుకే నా మాట పడగొట్టమని కాదు. మొదటి ఎస్టిమేటు ఉన్నదున్నట్టు ఒప్పుకోమనీ కాదు. కంకర మార్చి మొక్కలు మార్చి చేతులు మార్చకపోతే అది మెరుగుపరచడం ఎలా అవుతుంది? పదేళ్ళ తర్వాత మావయ్య కొడుకు దిగుతాడు, అంతే తేడా.

పాత మడిని బాగుచేసే దారులు చాలానే ఉన్నాయి. ఒక్కోదాన్ని ఒకే ప్రశ్నతో చూడండి: ఇందులో పచ్చి మలం ఎవరి చేతికి తగులుతుంది?

మడి అడుగున గొట్టాలు వేసి గాలి ఊదడం ఒక దారి. తక్కువ చోటులో ఎక్కువ మురుగు శుద్ధి అవుతుంది, అడ్డంగా పారే మడిలో తగ్గని అమ్మోనియా కూడా బాగా తగ్గుతుంది. కానీ కరెంటు పోకూడదు. పైగా ముందున్న ట్యాంకు అలాగే ఉంటుంది, దాన్ని తోడే పనీ అలాగే ఉంటుంది.

ఆ పాత ట్యాంకునే రెండు అరలుగా చేసి, వ్యాక్యూమ్ ట్యాంకరు పైపు అడుగుదాకా అందేలా, లారీ పక్కదాకా వచ్చేలా దారి వేయడం ఇంకొకటి. చాలా చిన్న పని. మా దగ్గర కాలేజీలో ఆ ట్యాంకుకూ రోడ్డుకూ మధ్య సైకిల్ స్టాండు కట్టారు. లారీ రాదు కాబట్టి మనిషి వెళ్ళాడు.

మూడోది ఫ్రెంచి వాళ్ళ పద్ధతి. నాకు బాగా నచ్చింది ఇదే. జల్లెడ దాటిన మురుగును, ముందు ట్యాంకు అనేదే లేకుండా, నేరుగా మడి మీదికి విడతలు విడతలుగా వదులుతారు. నీళ్ళు పై నుంచి కిందికి దిగుతాయి, వెంట గాలి లోపలికి పోతుంది. పక్కపక్కన మూడు మడులు. ఒకటి మూడు నాలుగు రోజులు పనిచేస్తే తర్వాత వారం రోజులు దానికి సెలవు. ఆ సెలవులో పైన పేరుకున్న మడ్డి ఎండి, కుళ్ళి, మట్టిలా మారుతుంది. ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్ల మందం పెరుగుతుంది. పది పదిహేనేళ్ళకు ఒకసారి యంత్రంతో ఎత్తేస్తారు. అప్పటికి పాతదంతా ఎరువులాంటి మట్టి.

మన చట్టం 'పూర్తిగా కుళ్ళకముందే' మలాన్ని చేత్తో ఎత్తడం గురించి మాట్లాడుతుంది. ఈ డిజైను ఆ కుళ్ళే పనిని మనిషి కంటే ముందు కాలానికీ ఎండకూ అప్పజెప్తుంది. ఇంజినీరింగ్‌లో ఆత్మగౌరవం అంటే ఇలాంటిదే. మడికి వారం సెలవిచ్చే బుద్ధి ఉన్నప్పుడు మనిషి సంగతి ఆలోచించే బుద్ధి కూడా రావాలి. ఇందులోనూ జల్లెడకు చిక్కిన చెత్త ఉంటుంది. దానికి పొడవాటి పంటె, చెత్తను నేరుగా పడేసే మూతడబ్బా డిజైనులోనే పెట్టాలి. తర్వాత చూద్దాం అంటే 'తర్వాత' అనేది మళ్ళీ మా వీధికే వస్తుంది.

ఇంత చెప్పాక ఒక మాట దాచకుండా రాయాలి. ఇదంతా మావయ్యకు ఇంటి అరుగు మీద కూర్చుని వివరించాను. అంతా విని ఇలా అన్నాడు.

"ఒరే అల్లుడా, మొక్కలే తాగేస్తాయన్నారు గదేటి, మరి మడ్డంతా మాకెందుకు మిగిలిందో అప్పుడు తెల్లేదు. ఇప్పుడు తెలిసింది. మిషనొస్తే మంచిదే. మరి నా పదకొండు రోజుల కూలో?"

దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కూలి పోతుందనే భయంతోనే మనవాళ్ళను ఈ పనిలో ఇన్నేళ్ళు కట్టేశారు. ఆ మడికి ఏటా నిజంగానే పని ఉంటుంది. వాల్వులు తిప్పాలి, మొక్కలు కోయాలి, నీళ్ళ మట్టం చూడాలి, అటు చివర నీళ్ళు పరీక్షకు పంపాలి. అది శిక్షణ ఇచ్చి, పదవి పేరు పెట్టి, నెల జీతంతో ఇవ్వాల్సిన ఆపరేటరు ఉద్యోగం. ఇన్నాళ్ళూ దిగినవాళ్ళకు ఆ ఉద్యోగంలో మొదటి హక్కు ఉండాలి. ఆ ఉద్యోగం మా కులానికే రాసిపెట్టమని మాత్రం అడగను. రాసిపెట్టొద్దనే కదా నా గొడవ. దిగినవాళ్ళకు హక్కు, వాళ్ళ పిల్లలకు విడుదల. రెండూ ఒకేసారి అడగాలి.

"ప్రతిదానికీ కులం తెస్తారేంటి, ఇది టెక్నికల్ విషయం" అని ఒక లెక్చరర్ ఆ సభలోనే అన్నారు. సార్, డ్రాయింగ్‌లో నీళ్ళు ఎటు పోవాలో బాణం గీశారు. మడ్డి ఎటు పోవాలో బాణం లేదు. ఆ బాణం గీయకపోతే అది ఎటు పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ బాణం గీయమనడమే నేను తెచ్చిన కులం.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు చేత్తో తీసుకుని తాగాడు. మంచినీళ్ళలో మన చెయ్యి పడకూడదన్న ఊరి మీద అది తిరుగుబాటు. వందేళ్ళు కావస్తున్నా ఆ ఊరి నియమంలో రెండో సగం అలాగే ఉంది. మురుగునీళ్ళలో మన చెయ్యే పడాలి. ఆ సగాన్ని కూడా తీసేయాలి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ క్యాంపస్‌లోనో హాస్టల్‌లోనో ఊళ్ళోనో ఇలాంటి మడి ఉంటే వెళ్ళి చూడండి. కట్టి ఎన్నేళ్ళైందో, ఎంతమందికి కట్టారో, ఇప్పుడు ఎంతమంది వాడుతున్నారో అడగండి. ముందున్న ట్యాంకు చివరిసారి ఎప్పుడు, ఎవరు, దేనితో ఖాళీ చేశారో అడగండి. మస్టరులో ఆ రోజు పని పేరు ఏమని రాశారో చూడండి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బాగుచేసే ఎస్టిమేటు వస్తే నాలుగు మాటలు అందులో రాయించండి. మనిషి దిగకుండా ఖాళీ చేసే డిజైను. లారీకి దారి. ఏటేటా నిర్వహణకు విడిగా డబ్బు. శిక్షణ పొందిన ఆపరేటరుకు నెల జీతం. ఈ నాలుగూ లేని ఎస్టిమేటు మొక్కలకు మాత్రమే మేలు చేస్తుంది.

ఆ కాలేజీ విద్యార్థులు ఈ నాలుగు మాటలతో వినతిపత్రం రాసి సంతకాలు సేకరిస్తున్నారు. పడగొట్టమన్న చెల్లెలే దాన్ని రాసింది. ఆఖర్న ఐదోది కూడా చేర్చింది, నాకు తట్టనిది: ఆ ఆకుపచ్చ బోర్డు మార్చాలి. ప్రకృతి పేరు ఉండనివ్వండి, దాని కింద పద్నాలుగేళ్ళుగా ఆ మడిని శుభ్రం చేసినవాళ్ళ పేర్లు కూడా రాయండి అని.

మావయ్యను అడిగాను, పేరు రాయమంటావా అని. "పేరు కంటే ముందు బూట్లిమ్మను" అన్నాడు. రెండూ ఇవ్వాలి మావయ్యా. అడుగుతున్నాం.

జై భీమ్.